భట్టీ వద్దు తమ్ముడూ, సీసం పని మాత్రం వదలకు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి హాలియాలో ఇన్వర్టర్లు బిగిస్తున్నావు. మీ మేనమామకు సాగర్ ఎడమ కాలువ పక్కన అరెకరం ఉంది. పాత బ్యాటరీలు కొని, అక్కడ భట్టీ పెట్టి సీసం తీస్తే కిలోకు ఎంత మిగులుతుందని అడిగావు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీ పెడుతున్నారు కాబట్టి ఐదేళ్లలో సీసం పనే ఉండదేమోనని ఒక అనుమానం. సోలార్, ఎలక్ట్రిక్ బండ్లు అంటున్న రోజుల్లో సీసాన్ని క్లీన్ ఎనర్జీ కిందికి లెక్క కట్టొచ్చా అని ఇంకో అనుమానం. చివర్లో ఒక మాట రాశావు: "పెరట్లో మూడు బ్యాటరీలు పగలగొట్టి చూశాను అన్నా, ప్లేట్లు బాగానే కరిగాయి" అని. నిజం చెప్పాలంటే నన్ను కూర్చోబెట్టి ఇంత రాయించింది ఆ చివరి మాటే.

నేను ఈ పనిలోకి 1991లో వచ్చాను. రాణిగంజ్‌లో ఒక సేటు దగ్గర రెండేళ్లు ప్లేట్లు అతికే పని నేర్చుకుని, నల్గొండలో గడియారం చౌరస్తా దగ్గర చిన్న షట్టర్ తీసుకున్నాను. అప్పటి బ్యాటరీలు నల్ల రబ్బరు డబ్బాలు. పాడైతే మార్చేవాళ్లు తక్కువ, రిపేరుకే తెచ్చేవాళ్లు. పైన పోసిన తారు కరిగించి, సెల్లును పటకారుతో బయటికి లాగి, చచ్చిన ప్లేట్లు తీసేసి కొత్తవి వేసి, సీసం కడ్డీ కరిగించి జాయింట్లు పోసి, మళ్లీ తారు పోసి ఇచ్చేవాళ్లం. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు మూత వేడి మీద అతికేసి వస్తుంది, విప్పే పనే లేదు. ఆ రోజుల్లో సీసాన్ని వట్టి చేత్తో పట్టుకున్నాను, అదే చేత్తో బీడీ కాల్చాను, అదే చేత్తో సమోసా తిన్నాను. దాని ఫలితం ఎవరి మీద పడిందో కింద చెప్తాను.

ముందు సీసం సంగతి. దీన్ని తక్కువ జాతి లోహంలా చూస్తారు కానీ ఇన్ని గుణాలు ఒక్కచోట దొరికే లోహం ఇంకోటి లేదు. లీటరు సీసా నిండా సీసం పోస్తే పదకొండు కిలోల పైన తూగుతుంది. గోటితో గీకితే గీత పడేంత మెత్తన. కోసినచోట వెండిలా మెరిసి, కొద్దిసేపట్లోనే బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ పైపొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కట్టెల పొయ్యి మీద ఇనుప గరిటెలో పెట్టినా నీళ్లలా అవుతుంది. ఇనుమును తినేసే సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఏళ్ల తరబడి నానినా నిలబడుతుంది. సాగర్‌లో చేపలు పట్టేవాళ్ల విసురు వల అంచుకు గుచ్చిన గుళ్లు చూసే ఉంటావు, అవి సీసమే. ఎక్స్‌రే గది తలుపు మామూలు తలుపులాగే కనిపిస్తుంది, తోస్తే తెలుస్తుంది బరువు, లోపల సీసం రేకు ఉంటుంది. టెక్నీషియన్ వేసుకునే ఏప్రాన్‌లోనూ అదే. పాత భూగర్భ కేబుళ్ల తొడుగు, టీవీ మెకానిక్ సోల్డర్ తీగ, తుపాకీ గుండు, వీటన్నిటిలోనూ ఇదే.

కొన్ని చోట్ల నుంచి దీన్ని తరిమేశారు కూడా. ఇంజిన్ కొట్టుకోకుండా పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్లు. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి అది బంద్. ప్రపంచంలో అందరికంటే ఆఖరున అల్జీరియా 2021లో ఆపింది. ఇళ్లకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని 2016లో నిబంధన వచ్చింది. మనం పొలాల్లో వేసే పీవీసీ పైపుల్లో సీసం స్టెబిలైజర్‌కు కళ్లెం వేస్తూ 2021లో ఇంకోటి వచ్చింది. పొగగానో, దుమ్ముగానో, నీళ్లలోనో మనిషి లోపలికి పోయే దారి ఉన్న చోటల్లా తీసేస్తూ వచ్చారు. డబ్బాలో మూసిపెట్టి, మళ్లీ వెనక్కి తెచ్చుకునే వీలున్న చోట ఉంచారు. ఆ చోటు బ్యాటరీ. ఇప్పుడు ప్రపంచంలో వాడే సీసంలో 85 శాతం పైగా బ్యాటరీల్లోకే పోతోంది.

మన జిల్లాకు సీసంతో ఇంకో చుట్టరికం ఉంది. నీ పనికి సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. లంబాపురం, పెద్దగట్టు యురేనియం తవ్వకాల మీద ఎన్నేళ్లు గొడవ నడిచిందో తెలుసు కదా. ఆ యురేనియం తనంతట తాను క్షీణిస్తూ క్షీణిస్తూ చివరికి ఆగేది సీసం దగ్గరే. అందులో సగం మారడానికే దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది, భూమి వయసు కట్టింది ఆ లెక్కతోనే. తవ్వి తీసే సీసం మాత్రం మన దేశంలో ముఖ్యంగా రాజస్థాన్‌ది: రాంపురా అగూచా, జావర్, రాజ్‌పురా దరీబా గనులు. మనకు కృష్ణ దాటితే పల్నాడులో, అగ్నిగుండాల దగ్గర బండలమోటు గని ఒకప్పుడు నడిచింది, మూతపడింది. ఇక మన దగ్గర మిగిలిన గని అంటే ఊరూరా షెడ్లలో పడి ఉన్న పాత బ్యాటరీలే.

బ్యాటరీ లోపలి సంగతి నీకు ఐటీఐలో చెప్పే ఉంటారు, అయినా ఒకసారి గుర్తు చేస్తాను, ఎందుకంటే భట్టీ లెక్కంతా ఇక్కడే ఉంది. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రాన్స్ శాస్త్రవేత్త రెండు సీసం రేకులు చుట్టి యాసిడ్‌లో ముంచి చూశాడు. నూట అరవై ఏళ్లు దాటాక నువ్వు బిగిస్తున్నదీ మూలంలో అదే. ఒక ప్లేటు మీద గోధుమరంగు లెడ్ డయాక్సైడ్, రెండోదాని మీద బూడిదరంగు మెత్తటి సీసం, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుకునేకొద్దీ రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, యాసిడ్ పలచబడుతుంది. చార్జింగ్ పెడితే మళ్లీ వెనక్కి. అందుకే హైడ్రోమీటర్‌లో గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం) చూసి బ్యాటరీ కడుపులో ఎంతుందో చెప్పేస్తాం: ఇన్వర్టర్ బ్యాటరీ 1240 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 1120 దగ్గరికొస్తే ఖాళీ.

ఖాళీగా వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి పలుకులుగా కట్టుకుపోయి మామూలు చార్జింగ్‌కు లొంగదు. కోతల ముందు మా దుకాణానికి వరుస కట్టే హార్వెస్టర్ బ్యాటరీల జబ్బు ఇదే. సీజన్ అయిపోగానే షెడ్డులో నిలబెడతారు. నెలకోసారి చార్జింగ్ పెట్టమంటే నవ్వుతారు. నాలుగైదు నెలల తర్వాత తెచ్చి కంపెనీని తిడతారు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, లిథియం. 2012, 2013 పవర్ కట్ల రోజుల్లో ఇన్వర్టర్ బ్యాటరీలు ఆటో దిగకముందే అమ్ముడుపోయేవి. తర్వాత సరఫరా కుదుటపడింది, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటలు ఇవ్వడం మొదలైంది. జనానికి మంచిదే, నా గల్లా మాత్రం ఎండిపోయింది. అప్పుడే అనుకున్నాను ఇక సీసం పని అయిపోయిందని. నిలబెట్టింది ట్రాక్టర్లు, డీసీఎంలు, మిర్యాలగూడ మిల్లులకు తిరిగే లారీలు, ఫంక్షన్ హాళ్ల జనరేటర్లు. ఇంజిన్ తిప్పడానికి రెండు మూడు సెకన్లపాటు వందల ఆంపియర్లు కావాలి, ఆ తర్వాత రోజంతా పని ఉండదు. ఆ పనికి ఇంత చవకగా, ఎండలో వానలో పడి ఉండి, పాతబడ్డాక కూడా పైసలు తిరిగిచ్చే వస్తువు వేరేది రాలేదు.

దివిటిపల్లిలో అమరరాజా వాళ్లు 2023 మేలో శంకుస్థాపన చేశారు, 9,500 కోట్ల పెట్టుబడి అని ప్రకటించారు. అక్కడ లక్ష్యం లిథియం సెల్లులు, ప్యాకులు. అవి పోయేది ఎలక్ట్రిక్ బండ్లకు, కరెంటు నిల్వకు. బరువు లెక్కన లిథియంతో సీసానికి పోటీయే లేదు: కిలో సీసం బ్యాటరీలో 30 నుంచి 40 వాట్ అవర్లు పడితే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులో దానికి మూడు నాలుగింతలు. చార్జింగ్ సైకిళ్లూ ఎక్కువే. కాబట్టి ఇంటి ఇన్వర్టర్లు, సెల్ టవర్లు, ఆటోలు అటే పోతాయి, ఇప్పటికే పోతున్నాయి. నీ ఇప్పటి పని ఇన్వర్టర్లే కాబట్టి లిథియం ప్యాకు బిగించడం, దాని బీఎంఎస్ (ప్యాకును కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) చూడటం ఈ ఏడాదే నేర్చుకో. ఆ విషయంలో నిన్ను ఊరడించను.

కానీ మొన్న ఎండాకాలంలో ఒక డాక్టర్ గారు ఫోన్ చేశారు. కొత్త ఎలక్ట్రిక్ కారు, చార్జింగ్ ఎనభై శాతం ఉంది, అయినా డోరు కూడా తెరుచుకోవడం లేదు. వెళ్లి చూస్తే బానెట్ కింద 12 వోల్టుల చిన్న సీసం బ్యాటరీ చచ్చిపోయి ఉంది. పెద్ద ప్యాకును కారుకు కలిపే కాంటాక్టర్లు పడాలన్నా, లాకులు తెరుచుకోవాలన్నా, కంప్యూటర్ నిద్ర లేవాలన్నా ఆ చిన్నదే దిక్కు. లక్షల రూపాయల లిథియం, పది పన్నెండు కిలోల సీసం కోసం నడిరోడ్డు మీద ఆగిపోయింది. చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఈ ఏర్పాటే ఉంది. దామరచర్ల యాదాద్రి లాంటి పెద్ద థర్మల్ ప్లాంట్ల సంగతీ అంతే. ప్లాంటు మొత్తం కరెంటు పోయినప్పుడు తిరుగుతున్న టర్బైన్ బేరింగులకు నూనె పంపే అత్యవసర పంపు బ్యాటరీల మీదే నడవాలి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అవ్వాలన్నా పక్క గదిలో బ్యాటరీ సెట్ ఉండాలి. ఈ పనులకు ఇన్నేళ్లుగా ఎక్కువగా సీసాన్నే నమ్ముకున్నారు.

క్లీనా కాదా అని అడిగావు. ఒక వైపు చూస్తే ఇంత బాగా తిరిగొచ్చే వస్తువు అరుదు. సీసాన్ని ఎన్నిసార్లు కరిగించినా గుణం తగ్గదు. ప్రపంచంలో ఏటా తయారయ్యే శుద్ధ సీసం కోటీ ముప్పై లక్షల టన్నుల దాకా ఉంటే, అందులో సగం కంటే బాగా ఎక్కువ గనిలోంచి కాక పాత సరుకులోంచే వస్తోంది. పాత లిథియం ఫాస్ఫేట్ ప్యాకును మన ఊళ్లో కాంటా మీద పెడితే ఎవడూ సరైన ధర చెప్పడు. సీసం బ్యాటరీని అర్ధరాత్రి రోడ్డు మీద వదిలితే పొద్దుటికి ఉండదు. చట్టం కంటే ఆ ధరే దీన్ని చెత్తకుప్పలోకి పోనివ్వలేదు. ఇంకో వైపు, అదే ధర దీన్ని నీ పెరట్లోకి, మీ మామ అరెకరంలోకి తెస్తోంది. సరైన ఫ్యాక్టరీకి చేరితే ఇది క్లీన్. భట్టీకి చేరితే ఇంతకంటే మురికి పని మన జిల్లాలో ఇంకోటి చూపించలేవు.

ఆ తేడా ఎక్కడుందో కాంటా దగ్గరి నుంచి చెప్తాను. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగా 50 కిలోల పైన తూగుతుంది. అందులో యాసిడే మూడో వంతు దాకా. తుక్కు వ్యాపారి "యాసిడ్ పారబోసి తీసుకురా, ఎండు రేటు ఇస్తా" అంటాడు, ఎందుకంటే నీళ్లకు పైసలివ్వడం అతనికి ఇష్టం లేదు. అందుకే దుకాణాల వెనక మోరీల్లోకి యాసిడ్ పోతుంది. అది ఒట్టి యాసిడ్ అనుకోకు. ప్లేట్ల నుంచి రాలి అడుగున చేరిన మడ్డి దాంతో పాటే పోతుంది, ఆ మడ్డి అంతా సీసమే.

డబ్బా పగలగొట్టాక ప్లేట్లలో రెండు రకాల సరుకుంటుంది. కడ్డీలు, జాలీ, జాయింట్లు గట్టి లోహం. నీ పెరట్లో "బాగానే కరిగాయి" అన్నావే, అవి ఇవి. బరువులో సగానికి పైగా ఉండే పేస్టు మాత్రం కరగదు. అది లోహం కాదు, లెడ్ సల్ఫేట్, లెడ్ ఆక్సైడ్. వంద కిలోల లెడ్ సల్ఫేట్‌లో 68 కిలోలు సీసమే, కానీ దాన్ని విడదీయాలంటే బొగ్గుతో కలిపి వెయ్యి డిగ్రీల దాకా మండించాలి. భట్టీ వాళ్లు బ్లోయర్ పెట్టి చేసేది అదే. ఆ వేడికి గంధకం ఘాటైన పొగగా పోతుంది, సీసం కొంత ఆవిరై గాల్లో చల్లారి సన్నటి ధూళిగా దిగుతుంది. ఇంకొంత చిట్టెంలో, అంటే కరిగించాక మిగిలే మురికి గడ్డలో, ఉండిపోతుంది. ఎంత ఉండిపోతుందో చూడాలంటే ఏ మూతపడ్డ భట్టీ దగ్గరైనా చిట్టెం ముద్ద ఒకటి చేతిలోకి తీసుకో, రాయి బరువు ఉండదు, గుండు బరువు ఉంటుంది. వద్దులే, తీసుకోకు, కాలితో తోసి చూడు.

నేను ఒక రిజిస్టర్డ్ రీసైక్లింగ్ ఫ్యాక్టరీ లోపల ఒక రోజంతా ఉన్నాను, పదేళ్ల క్రితం. బ్యాటరీలు యాసిడ్‌తో సహా తీసుకున్నారు. మూసి ఉన్న యంత్రంలో పగలగొట్టి నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ పైకి తేలింది, సీసం అడుగుకు పోయింది. యాసిడ్‌ను వేరే ట్యాంకులో పట్టారు. పేస్టును సోడా యాష్, ఇనుప తురుము, బొగ్గుతో కలిపి తిరిగే కొలిమిలో వేశారు. ఇనుము గంధకాన్ని తనకు పట్టుకుంటుంది కాబట్టి పొగలోకి పోయేది తగ్గుతుంది. ఆ పొగ నేరుగా గొట్టంలోకి పోలేదు. ముందు గుడ్డ సంచుల వరసలు, తర్వాత పొగను నీళ్లతో కడిగే స్క్రబ్బర్. సంచులు దులిపితే రాలిన ధూళిని మళ్లీ కొలిమిలోకే వేశారు, అందులో సీసం దండిగా ఉంటుంది. ఆ తర్వాత పెద్ద పెద్ద కడాయిల్లో శుద్ధి. గంధకం వేసి రాగిని తేలుస్తారు, కాస్టిక్ సోడా వేసి యాంటిమొనీ అనే కలుపును, తగరాన్ని తీస్తారు. లండన్ మెటల్ ఎక్స్చేంజ్‌లో అమ్ముడయ్యే సీసం 99.97 శాతం శుద్ధంగా ఉండాలి. యాంటిమొనీ ఎక్కువున్న సీసంతో జాలీ పోస్తే బ్యాటరీ నీళ్లు తాగుతూనే ఉంటుంది. మెయింటెనెన్స్ ఫ్రీ అనే వాటిలో అందుకే కాల్షియం కలిపిన సీసం వాడతారు. భట్టీ సీసానికి ఈ శుద్ధి ఉండదు. నువ్వు ముద్దలు పోసి అమ్మినా, కొనే ఫ్యాక్టరీ "ఇందులో కలుపు ఉంది" అని కోత పెట్టే తీసుకుంటుంది.

అంటే సీసం పోగొట్టుకుని, కోత పెట్టించుకుని కూడా భట్టీ వాడికి ఎలా మిగులుతుంది? సంచులు లేవు, స్క్రబ్బర్ లేదు, యాసిడ్ ట్యాంకు లేదు, బిల్లు లేదు. ఫ్యాక్టరీ పెట్టే ఆ ఖర్చే అతని లాభం. ఆ ఖర్చు మాయమైపోదు. చుట్టుపక్కల మట్టి మీద, పశువుల మేత మీద పడుతుంది. "కిలోకు ఎంత మిగులుతుంది" అన్న నీ ప్రశ్నకు నేను అంకె చెప్పకపోవడానికి కారణం అదే.

చట్టం కూడా చెప్పేస్తాను. పాత బ్యాటరీలు రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే పోవాలని 2001 నుంచే నిబంధనలున్నాయి. వాటి స్థానంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి, లిథియం కూడా వాటి కిందికే వస్తుంది. అమ్మిన కంపెనీయే పాతది వెనక్కి వచ్చేలా చూడాలి, రీసైక్లర్ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. అరెకరంలో రేకుల షెడ్డు వేసి కరిగించేవాడికి ఇందులో చోటు లేదు. పట్టుకోరు అని ఎవరైనా చెప్తే, పట్టుకోని రోజులూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. నేను చెప్తున్న భయం అధికారుల గురించి కాదు.

2004 ప్రాంతంలో నా దగ్గర ఒక కుర్రాడు పనిచేసేవాడు. దుకాణం వెనక గదిలో, కిటికీ లేని గదిలో, పాత జాయింట్లు కరిగించి కడ్డీలు పోసే పని వాడిది. ఆ గది అలా పెట్టింది నేనే. వాడికి కడుపునొప్పి మొదలైంది, మెలిపెట్టినట్టు వచ్చేది. ఒకచోట గ్యాస్ అన్నారు, ఇంకోచోట అపెండిక్స్ అని ఆపరేషన్ దాకా వెళ్లారు. రక్తం తగ్గిపోయింది. ఆఖరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద వయసు డాక్టర్ పరీక్షల కాగితాలు పక్కన పెట్టి "ఏం పని చేస్తావు నాయనా" అని అడిగారు. పని పేరు చెప్పగానే వాడి కింది పెదవి కిందకు లాగి చూపించారు. చిగురు అంచు వెంట నీలం గీత, బాల్ పెన్నుతో గీసినట్టు. రక్త పరీక్షలో సీసం డెసిలీటరుకు 60 మైక్రోగ్రాములు దాటింది. వాడి బట్టలకు అంటుకున్న ధూళి ఇంటికి పోయేది. ఇంట్లో రెండేళ్ల పాపకు పరీక్ష చేయిస్తే ఆ పిల్ల రక్తంలోనూ ఉంది. వాడికి మందులతో కొంత దిగింది, వేరే పనికి పెట్టాను. ఆ పాప బడిలో వెనకపడిందని తర్వాత విన్నాను. అది సీసం వల్లేనా అని ఎవరూ తేల్చి చెప్పలేరు. నేను మాత్రం ఆ గదిని తర్వాతి నెలలోనే మూసేశాను, ఇప్పటికీ అందులో ఏమీ పెట్టను.

పెద్దవాళ్లు మింగిన సీసంలో ఒంటికి పట్టే దానికంటే పిల్లల ఒంటికి నాలుగైదింతలు ఎక్కువ పడుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. మెదడు ఎదిగే వయసులో చదువు మీద, నిలకడ మీద దెబ్బ కొడుతుంది. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంతకు తక్కువైతే ఫర్వాలేదని కూడా అనదు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి వేసిన లెక్కలో ఆ గీత దాటిన పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల దాకా ఉంటే, మన దేశంలోనే 27 కోట్ల పైన తేలారు.

మనం ఫ్లోరైడ్ జిల్లా వాళ్లం. మర్రిగూడ, నాంపల్లి వైపు వంగిపోయిన కాళ్లు చూస్తూ పెరిగాం. ఫ్లోరైడ్ లాగే సీసం కూడా ఎముకల్లో చేరుతుంది, కాల్షియం చోటులో కూర్చుని దశాబ్దాలు ఉంటుంది. కానీ ఫ్లోరైడ్ పళ్ల మీద మరక పెట్టి చెప్తుంది, ఇది చెప్పదు. నీళ్లను పటికతో, సున్నంతో బాగుచేసే నల్గొండ పద్ధతి అని ఒకటి వచ్చింది. సీసం పడ్డ మట్టికి అలాంటి తేలిక మందేమీ లేదు.

మరి ఏం చేయాలి? సేకరణ చెయ్యి. హాలియా, నిడమనూరు, పెద్దవూర వైపు ట్రాక్టర్ మెకానిక్‌లు, ఇన్వర్టర్ కుర్రాళ్ల దగ్గర నెలకు ఎన్ని పాత బ్యాటరీలు పోగవుతున్నాయో ఒక పుస్తకంలో రాసుకో. వాటిని పగలగొట్టకుండా, యాసిడ్ పారబోయకుండా, నిలువుగా పేర్చి, బిల్లుతో రీసైక్లర్‌కు లేదా కంపెనీ డీలర్‌కు లారీ లోడు పంపు. మొదట్లో "ఎండు రేటు" వాళ్లు నీకంటే ఎక్కువ చెప్పి సరుకు లాక్కుంటారు, ఆ టెన్షన్ ఉంటుంది. దానికి నా దగ్గరున్న మందు ఒకటే: కొనేముందు ప్రతి బ్యాటరీనీ పరీక్షించడం. తుక్కు అని వచ్చిన వాటిలో కొన్ని ఒట్టి సల్ఫేషన్ కేసులు, అంటే పైన చెప్పిన సల్ఫేట్ పట్టినవి. తక్కువ ఆంపియర్లతో రెండు మూడు రోజులు నిదానంగా చార్జ్ చేస్తే లేస్తాయి. వాటిని సెకండ్‌హ్యాండ్ అని చెప్పి, చిన్న గ్యారంటీ ఇచ్చి అమ్ముకో. నాకు కాంటా మీద కంటే అక్కడే ఎక్కువ మిగిలింది.

సీసం ధర రోజూ మారుతుంది. లండన్ ధర, దాని మీద డాలర్ రేటు, ఎంసీఎక్స్ (మన దేశపు సరుకుల ఎక్స్చేంజ్) చూసుకో. ఈ మధ్య టన్ను రెండు వేల డాలర్ల చుట్టూ తిరుగుతోంది. ధర పెరుగుతుందని సరుకు ఆపి కూర్చున్న వాళ్లలో బాగుపడినవాణ్ని నేను ఇద్దరినే చూశాను.

గోడౌన్ నేల మామూలు సిమెంటు చాలదు, యాసిడ్ తినేస్తుంది. యాసిడ్‌కు ఆగే టైల్స్ వేసి, చుట్టూ గట్టు కట్టి, ఒక మూల సున్నం బస్తా ఉంచు. కారితే సున్నం చల్లు. పొడి చీపురు అసలు వాడకు, తడి గుడ్డతో తుడిపించు. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కో, ఇంటికి పోయేముందు బట్టలు మార్చుకో. ఇంకొకటి, కొత్త ప్రమాదం: ఇప్పుడు లిథియం బ్యాటరీలు కూడా సీసం వాటి సైజు డబ్బాల్లో వస్తున్నాయి. అలాంటిది ఒక్కటి పొరపాటున సీసం లోడులో కలిసి ఫ్యాక్టరీ పగలగొట్టే యంత్రంలో పడితే మంటలే. లేబుల్ చదువు. లేబుల్ చిరిగిపోతే లేపి చూడు, సైజుకు తగ్గ బరువు లేదంటే పక్కన పెట్టు.

చివరికి నీ పెరడు. పగలగొట్టిన డబ్బాలు, కరిగించిన గరిటె, మిగిలిన పేస్టు అన్నీ మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములోకి తీసెయ్. ఆ గరిటె మళ్లీ వంటింటి వైపు పోకూడదు. పగలగొట్టిన చోట మట్టిని నీళ్లతో తడిపి, ఎండు దుమ్ము లేవకుండా, పై నాలుగైదు అంగుళాలు పారతో ఎత్తి సంచుల్లో కట్టు. నీ మొదటి లోడుతో పాటు రీసైక్లర్‌కే అప్పజెప్పు, కాలువలో మాత్రం పోయకు. అక్కడ కొత్త మొరం పోసి కప్పెయ్. కోళ్లు ఉంటే ఆ వైపు తిరగనివ్వకు, గుడ్లలోకి వస్తుంది. ఆకుకూర మడి ఉంటే ఈ ఏడాదికి వదిలెయ్. ఇంట్లో చిన్నపిల్లలు ఎవరుంటే వాళ్లకు, ముందు నీకు, బ్లడ్ లెడ్ పరీక్ష చేయించు. దగ్గర్లో లేకపోతే శాంపిల్ హైదరాబాద్ పంపే ల్యాబ్‌లు ఉన్నాయి, పేరు పెట్టి అడుగు, మామూలు రక్త పరీక్షలో ఇది కనపడదు. రిపోర్టు వచ్చాక అంకె ఎంతో నాకు చెప్పు. గోడౌన్ అద్దె సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.